బువ్వమడుగు మీద ఎర్ర గుంజలు

జనగామ

జనగామ నుంచి సముద్రం ఎంత దూరమో నేనెప్పుడూ కనుక్కోలేదు. మా బస్టాండులో ఆ బోర్డున్న బస్సు లేదు. లేని బస్సు గురించి అడిగి కండక్టర్లను ఇబ్బంది పెట్టే అలవాటు మావాళ్లకు లేదు. అయినా పోయిన ఏడాదంతా నేను చేసిన ఉద్యోగం సముద్రానిదే.

విషయం ఏమిటంటే, భూపాలపల్లి జిల్లాలో గోదావరి ఒడ్డున ఒక కోయగూడెం ఉంది. దాని ముందు పారే నీటిలో ఎక్కడ చేపలు పట్టుకోవచ్చు, ఎక్కడ వాటిని గుడ్లు పెట్టుకోనివ్వాలి అన్నది గూడెంవాళ్లూ ప్రభుత్వమూ కలిసి కూర్చుని రాసుకోవాలని పైన ఎవరో మంచి మనసుతో అనుకున్నారు. ఆ పని నదిలో ఎలా చేయాలో చెప్పే పుస్తకం దొరకలేదు. సముద్రంలో ఎలా చేయాలో చెప్పే పుస్తకం దొరికింది. ఎక్కడో చలిదేశపు తీరాన తరతరాలుగా సముద్రం మీద బతికే తెగల పెద్దలు, ప్రభుత్వం మనుషులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఎవరి మాటా ఎక్కువ కాకుండా సముద్రానికి హద్దులు రాసుకున్న పద్ధతి అందులో ఉంది. మంచి పుస్తకం. వెనక నింపడానికి నమూనా కాగితాలు కూడా ఉన్నాయి: ఆటుపోట్ల వేళలు, మంచుగడ్డలు తేలే మేర, తిమింగలాలు కనిపించే నెలలు. ప్రతి గడిలో ‘వర్తించదు’ అని ఓపిగ్గా రాసింది నేనే. తిమింగలాల దగ్గర మాత్రం ‘ఇంతవరకు కనిపించలేదు’ అని రాశాను. రేపెవరైనా అడిగితే మాట పడకూడదు కదా.

నేను భూగోళశాస్త్రంలో ఎం.ఏ. చదివాను. చదివినదాన్ని వృథా చేయకుండా జనగామలో ప్లాట్ల పటాలు, అన్నదమ్ముల పంపకాల పటాలు గీసుకుంటూ ఉంటాను. ఆ చేతితోనే ఈ నది పటం కూడా గీశాను. పోయిన ఎండాకాలం గూడేనికి వెళ్లి, పెద్దలు ఇసుకలో వేసి చూపించిన నదిని ఫోటో తీసుకుని, ఇంటికొచ్చి కాగితం మీదికి ఎక్కించాను. ఆ కాగితం మీద గూడెంవాళ్ల వేలిముద్రలు ఒకసారి తీసుకుని, వానలకు ముందే నీళ్లలో ఎర్ర రంగు గుంజలు పాతారు. గుంజల లోపల వల వేయకూడదు. ఒక వానకాలం గడిచింది. ఇప్పుడు మాఘమాసంలో పక్కా ప్రణాళిక మీద మళ్లీ వేలిముద్రలు తీసుకోవాలి. నేను పటం పట్టుకుని వెళ్లాలి. అదీ ఈ ప్రయాణం.

పటం నలగకుండా ఒక ప్లాస్టిక్ నీళ్ల పైపు ముక్కలో చుట్టి పెట్టుకున్నాను. తెలివైన పనే అనుకున్నాను. స్టేషన్ ముందు చాయ్ బండి దగ్గరే దాని ఫలితం మొదలైంది.

“ఏందన్నా, బోరు ఏస్తున్నవా?” అన్నాడు చాయ్ పోసే ఆయన.

“లేదన్నా, పటం.”

“నీళ్లు పడ్డయా మరి?”

గోదావరి పటమని చెబితే ఆయన చాలాసేపు పైపు వైపే చూశాడు. జనగామలో ఆ మాట ఎవరూ నమ్మరు. మా దగ్గర నీళ్లు పైకి రావాల్సిందే తప్ప పక్కనుంచి పారేవి కావు. చాయ్ పది రూపాయలు. అనుమానం ఉచితం.

మహబూబాబాద్

రైల్లో నా పక్కన కూర్చున్న అవ్వ సంచి నిండా బంతిపూలు పెట్టుకుంది. ఆమె కూడా పైపు సంగతే అడిగింది. ఈసారి పటమని చెప్పకుండా “ఊరికే” అన్నాను. ఆమెకు ఆ జవాబు సరిపోయింది. ఊరికే పైపు పట్టుకుని తిరిగే మగవాళ్లను ఆమె చూసే ఉంటుంది.

మహబూబాబాద్‌ను అక్కడివాళ్లు మానుకోట అంటారు. రైలు దిగేముందే ఊరు వచ్చిందని ముక్కుకు తెలుస్తుంది. మిర్చి దిగే కాలం. మార్కెట్ దాకా పోనక్కరలేదు, గాలే మార్కెట్‌ను మోసుకొస్తుంది. ప్లాట్‌ఫారం మీద వరసగా ఏడుసార్లు తుమ్మాను. ఎనిమిదోదానికి పైపు చేజారి దొర్లుకుంటూ పోయి ఒక హమాలీ కాళ్ల దగ్గర ఆగింది.

ఆయన దాన్ని తీసి ఇస్తూ, “కొత్తోనివా?” అన్నాడు.

“జనగామ.”

“గంతే దూరానికి గిన్ని తుమ్ములా! జర బెల్లం బుక్కు, తగ్గుతది.”

బెల్లం ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు. సలహాకు అది అడ్డంకి కాదు. ఆటోస్టాండు దగ్గర నాలుగు మిర్చిబజ్జీలు ఇరవై రూపాయలకు తిన్నాను. తిన్నాక ఆశ్చర్యంగా తుమ్ములు ఆగిపోయాయి. ఈ వైద్యం ఎక్కడా రాసి ఉండదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

గూడూరు

అక్కడి నుంచి బస్సులో గూడూరు. అడవి ఒకవైపు నుంచి, పత్తిచేలు రెండోవైపు నుంచి వచ్చి ఆ మండలంలోనే ఎదురుపడతాయి. అక్కడ నేను కలవాల్సింది సారక్కను. ఆమె పుట్టిల్లు మేము పోయే గోదావరి గూడెమే. గూడెం పెద్ద ఎర్రయ్య ఆమెకు స్వయానా అన్న. గిరిజన హాస్టల్లో వంట చేసి రిటైరయింది. కోయ మాట, తెలుగు మాట రెండూ వచ్చు కాబట్టి వేలిముద్రల రోజున కాగితంలో ఏముందో గూడెంవాళ్లకు విడమరచి చెప్పడానికి ఆమెను తీసుకురమ్మన్నారు. పోయిన ఎండాకాలం ఆమె రాలేదు. వచ్చి ఉంటే ఈ కథనం రెండు పేజీల్లో అయిపోయేది.

వెళ్లగానే చెంబుతో నీళ్లిచ్చింది. మా జనగామలో చుట్టానికి నీళ్లిచ్చి, ఆయన తాగేలోపు ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏం పని అని మూడు ప్రశ్నలు అడుగుతాం. ఆమె ఒక్కటే అడిగింది. “తిన్నవా?”

బజ్జీల సంగతి చెప్పాను.

“గది తిండా!” అని లోపలికి పోయింది.

జొన్నరొట్టె, చింతచిగురు వేసి వండిన ఎండుచేప, పచ్చి ఉల్లిగడ్డ పెట్టింది. వందల మందికి వండిన చెయ్యి కావడం వల్ల ఒక్కడికి ఎంత పెట్టాలో ఆ చేతికి తెలియదు. నాలుగో రొట్టె దగ్గర నేను లేవబోయాను.

“కూసో తమ్మీ. మా హాస్టల్ల ఆరో తరగతి పిల్లలు నీకంటె మంచిగ తింటుండె.”

తిన్నాక మంచం మీద పటం పరిచాను. పుట్టింటి బొమ్మ చూస్తానని ఆమే అడిగింది. అన్న ఇల్లు ఎక్కడో అడిగి వేలు పెట్టి చూసుకుంది. నది మధ్యలో ఏనుగుబండ అనే పెద్ద రాయి ఉంది, దాన్ని గుర్తుపట్టి సంబరపడింది. తర్వాత వేలు అక్కడే ఆగిపోయింది.

“తమ్మీ, గోదారి ఏ దిక్కుకెళ్లి వస్తాంది ఈ బొమ్మల?”

పైనుంచి అని చెప్పాను. అక్కడ గోదావరి ఉత్తరం నుంచి దిగుతుంది. పటంలో ఉత్తరం పైన ఉంటుంది. ఆరో తరగతి పాఠం.

“మరి బండకు పైనున్నది తల్లిమడుగు గద. ఎర్ర గీత కిందున్నదానికి ఎందుకు గీసినవ్? కిందిది బువ్వమడుగు.”

తల్లిమడుగు అంటే చేపలు వానల్లో గుడ్లు పెట్టుకునే లోతైన చోటు. గూడెంలో ఎవరూ అందులో వల వేయరు. బువ్వమడుగు అంటే పేరే చెబుతోంది. గూడెం తినేదంతా అందులోదే. మా కాగితాల్లో వాటికి ఆ పేర్లు లేవు. ‘మడుగు ఒకటి’, ‘మడుగు రెండు’ అని ఉన్నాయి. పేర్లకంటే అంకెలు శాస్త్రీయమని నేనే పెట్టాను.

ఫోన్‌లో పాత ఫోటో తీసి చూపించాను. ఇసుకలో బూడిదతో వేసిన నది. కాపాడాల్సిన మడుగు దగ్గర తెల్లరాయి, చేపలు పట్టే మడుగు దగ్గర నల్లరాయి. అవతలి పక్కన వరసగా కూర్చున్న పెద్దలు. ఇవతలి అంచున, చెట్టునీడలో నిలబడి ఫోటో తీస్తున్న నా కాలివేళ్లు.

సారక్క ఒక్క చూపులో తేల్చేసింది. “మావోళ్లు గోదారి ముచ్చట మాట్లాడితె వచ్చే నీళ్లకు ఎదురుగ కూసుంటరు. గట్ల కూసోని బొమ్మ ఏసిండ్రు. వాళ్ల కాళ్లకాడున్నది దిగువ. వాళ్లకు ఎదురుంగున్నది ఎగువ. ఎదురుంగ ఎవలున్నరు?”

“నేను.”

“నీ కాళ్లకాడ ఎగువ ఉన్నది. నువ్వేమనుకున్నవ్?”

ఫోటోలో పైన ఉన్నదే ఎగువ అనుకున్నాను. కాగితాన్ని కాదు, నదినే తలకిందులుగా ఎక్కించాను. ఎగువన ఉన్న తెల్లరాయి దిగువకు పోయింది. ఎర్ర గుంజలు బువ్వమడుగు చుట్టూ లేచాయి.

“గుంజలు బువ్వమడుగు కాడ పాతిండ్రని అన్న ఫోన్‌ల చెప్పిండు,” అంది సారక్క నెమ్మదిగా. “సర్కారోళ్లు మనసు మార్సుకున్నరు గావచ్చు అనుకున్న. నీ చెయ్యి అనుకోలే.”

“మరి వాళ్లు వానకాలమంతా ఏం చేశారు?”

“ఏం జేస్తరు? ఏలిముద్ర ఏసినంక మాట మాటే గద. బువ్వమడుగుల ఏయలే. తల్లిమడుగుల ఎట్లనూ ఏయరు. వాగుల దొరికిన పక్కెలు తిన్నరు. వానలు పోయినంక సగం మంది మిర్చి ఏరనీకి మానుకోట దిక్కు వచ్చిండ్రు.”

ఆ పొద్దున నేను తుమ్ముతూ దాటొచ్చిన మిర్చిలో కొంత వాళ్ల చేతుల మీదుగా వచ్చి ఉండవచ్చు. ఈ ఆలోచన రొట్టెల మీద బరువుగా కూర్చుంది.

భూపాలపల్లి

నర్సంపేట మీదుగా బస్సు. దారి పొడవునా మోదుగులు పూసి ఉన్నాయి. ఇంకో సమయంలో అయితే వాటి మీద ఒక పేరా రాసేవాణ్ణి. నేను కిటికీ పక్కన కూర్చుని, ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా పటాన్ని మార్చేయడానికి ఎన్ని దారులున్నాయో లెక్కేస్తున్నాను. మూడు దొరికాయి. మూడింటికీ సారక్క నోరు మూసుకుని ఉండాలి. ఆమె వైపు చూశాను. పల్లీలు ఒలుచుకుంటూ నా వైపే చూస్తోంది.

“చెప్తవా, నన్ను చెప్పమంటవా?” అంది.

“చెప్తా అక్కా.”

“తిను,” అని పల్లీలు చేతిలో పోసింది.

భూపాలపల్లి బొగ్గు ఊరు. సాయంత్రానికి తెల్లచొక్కా బూడిదరంగుకు వస్తుంది. లాడ్జిలో దిండుకు కూడా ఆ రంగే ఉంది కాబట్టి మాకు తేడా తెలియలేదు. సత్యనారాయణగారు మాకంటే ముందే వచ్చి ఉన్నారు. ప్రణాళిక మీద సంతకం పెట్టాల్సిన అధికారి ఆయనే. కోస్తా మనిషి. ఉద్యోగమంతా సముద్రం మీద చేసి, చివరికొచ్చేసరికి ఈ నదికి చిక్కారు. ఆ పుస్తకం ఆయనదే. చాలా మర్యాదస్తుడు. తెలంగాణ మాట వింటే మొదట్లో చెవి దగ్గర చెయ్యి పెట్టుకునేవారు. ఇప్పుడు పెట్టుకోవడం లేదు, తల ఊపుతున్నారు. అర్థమైందో లేదో మనకు తెలియకుండా ఉండేందుకు అదే మంచి పద్ధతి.

హోటల్లో పూరీ తింటూ చెప్పేశాను. ప్లేటు నలభై రూపాయలు, కూర మాత్రం మళ్లీ అడిగితే ముఖం చిట్లిస్తారు. నేను చెప్పడం పూర్తయ్యేలోపు ఆయన రెండుసార్లు కూర అడిగారు.

“అంటే, మనం మూసింది వేరే మడుగంటారు,” అన్నారు.

“అవును సార్. తప్పు నాది.”

“పోన్లెండి. ఒక రకంగా మంచే జరిగింది. మొన్న మనవాళ్లు చూసొచ్చారు. రెండు మడుగుల్లోనూ చేప బాగా పెరిగిందట. మీరు గమనించారో లేదో, గూడెంవాళ్లు రెండింటినీ వదిలేసి కూడా ఉండగలిగారు. అలాంటప్పుడు రెండూ కాపాడే చోట్లుగానే ఉంచేస్తే సరిపోతుంది కదండీ? మళ్లీ సర్వే, మళ్లీ పటం... ఫైలు ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.”

ఆయన దుర్మార్గంగా అనలేదు. పూరీ చల్లారుతోందని గుర్తు చేస్తున్నంత మామూలుగా అన్నారు. చేపల పక్షాన ఆలోచిస్తే ఆ మాట సబబే. చేపల పక్షాన ఆలోచించడానికే ఆయనకు జీతం ఇస్తున్నారు.

సారక్క పూరీ పక్కన పెట్టింది. “సార్, మా వదిన పోయిన వానల్ల దినాం రెండు వాగులు దాటి పోయింది పక్కెలకు. ఆమెకు మోకాళ్ల నొప్పులు.”

“పక్కెలంటే?”

“ఏలెడంత చేపలు.”

“ఆహా,” అని ఆయన తల ఊపారు.

రాత్రి నాకు నిద్ర బాగానే పట్టింది. ఇలాంటి చోట్ల పట్టకపోవడం ఆనవాయితీ అని తెలుసు, కానీ బస్సులో బాగా అలిసిపోయాను.

గూడెం

పొద్దున్నే జీపులో బయలుదేరి కాటారం దాటి అడవిలోకి తిరిగాం. చివరి మైలు నడక. నేను పైపు, సత్యనారాయణగారు పుస్తకం, సారక్క అన్న కోసం మానుకోట మిర్చి మూట. గూడెంలో అడుగుపెట్టగానే కాళ్లకు నీళ్లిచ్చారు. తర్వాత ఆకుదొప్పల్లో జావ. ఎర్రయ్య సన్నగా, పొడుగ్గా ఉంటాడు. వయసు అడిగితే గోదారి ఎన్నిసార్లు ఇంటి గడప దాకా వచ్చిందో చెబుతాడు. చెల్లెలిని చూసి నవ్వలేదు, ఆమె చేతిలో మూట తీసుకున్నాడు. అన్నాచెల్లెళ్ల మధ్య అదే నవ్వని తర్వాత తెలిసింది.

ఒడ్డుకు పోయాం. దూరంగా, ఏనుగుబండకు దిగువన ఎర్ర గుంజలు. రంగు ఇంకా తాజాగా ఉంది. మా పనుల్లో రంగు ఎప్పుడూ బాగా నిలుస్తుంది.

పెద్దలు ఇసుకలో మళ్లీ బూడిదతో నది వేసి కూర్చున్నారు, వచ్చే నీళ్లకు ఎదురుగా. మాకు మళ్లీ అవతల చెట్టునీడ చూపించారు. చుట్టాలకు ఎండ తగలకూడదన్నది వాళ్ల మర్యాద. ఆ మర్యాదే పోయినసారి కొంప ముంచింది. నేను పటం పరిచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. సారక్క కోయలో చెప్పింది. నేను చెప్పిందానికంటే ఆమె చెప్పింది పొడుగ్గా ఉంది. మధ్యలో ఆడవాళ్లు రెండుసార్లు నవ్వారు. ఆ పొడుగంతా దేని గురించో నేను అడగలేదు.

ఎర్రయ్య మాత్రం నవ్వలేదు. “గుంజలు పాతినప్పుడే మాకు ఎరుకైంది,” అన్నాడు.

సత్యనారాయణగారు ముందుకు వంగారు. “మరప్పుడే మాకు చెప్పాల్సింది కదండీ పెద్దాయనా!”

“ఎవలకు చెప్పాలె సార్? గుంజలు పాతిన మేస్త్రికి చెప్పినం. కాయితంల గిట్లనే ఉన్నదన్నడు. కాయితం మీద మా ఏలిముద్రలున్నయి. మేం ఏసిన ముద్ర మేమే తప్పంటె ఎట్ల?”

సత్యనారాయణగారు గొంతు సవరించుకుని, రాత్రి నాకు చెప్పిందే మరింత మర్యాదగా చెప్పారు. తప్పు జరిగింది, ఒప్పుకుంటున్నాం. అయితే రెండు మడుగులూ వదిలేసినా గూడెం తట్టుకుంది. చేప పెరిగింది. రెండూ అలాగే ఉంచితే గూడేనికే పేరు వస్తుంది. మిగతా ఊళ్లకు చూపించవచ్చు. సారక్క ఆ ‘పేరు’ దాకా అనువదించి ఆగింది. వెనక వరసలో కూర్చున్న ఎర్రయ్య భార్య మోకాలు రుద్దుకుంటోంది.

ఎర్రయ్య ఇసుకలో వేలితో ఏదో గీసి, చెరిపేసి అడిగాడు.

“సార్, ఒకటి అడుగుత. మేం గుంజలు దాటి వల ఏసినమనుకో, ఏం జేస్తుంటివి?”

“నియమం తప్పారని రాసేవాళ్లం. మీ మీద నమ్మకం లేదనుకుని రెండూ మా చేతిలోకి తీసుకునేవాళ్లం.”

“దాటకుంట ఆగినం. ఇప్పుడేం జేస్తానవ్?”

సత్యనారాయణగారు పుస్తకం మీది ఇసుక దులిపారు.

“దాటినా రెండు పోతయ్, ఆగినా రెండు పోతయ్. ఏది జేస్తె ఒక్కటన్న ఉంటదో నువ్వే చెప్పు సార్. గదే జేస్తం.”

వెటకారంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. సత్యనారాయణగారు ఒళ్లో ఉన్న పుస్తకం తెరిచారు. కొన్ని పేజీలు తిప్పారు. ఈ ప్రశ్నకు అందులో గడి లేదని నాకు తెలుసు. గడులన్నీ నింపింది నేనే. ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టి, ఏనుగుబండకు ఎగువ వైపు చూశారు.

“తల్లిమడుగును ఎవరు మూశారు? మీ తాతలా?” అన్నారు.

“అది మూసింది గాదు సార్. దాన్ని ఎవలూ తెరవనే లేదు.”

ఆయన లేచారు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఇసుక బొమ్మను చుట్టి వెళ్లి, నీడ వదిలి ఎండలో ఎర్రయ్య పక్కన కూర్చున్నారు. “మీరూ ఇటు రండి,” అన్నారు నాతో. “కొత్త కాగితం తీయండి.”

పెద్దల వరసలో కూర్చుని, వచ్చే నీళ్లను ఎదురుగా చూస్తూ మళ్లీ గీశాను. అక్కడి నుంచి చూస్తే అంతా ఎంత తేలికగా ఉందంటే, సిగ్గుపడటానికి కూడా కాస్త సమయం పట్టింది. ఈసారి అంకెలు వేయలేదు. తల్లిమడుగు, బువ్వమడుగు అని పేర్లే రాశాను. కింద ఒక వాక్యం చేర్చాను: ‘పాత పటం తలకిందులుగా ఎక్కించబడినది, ఎక్కించినది నేను.’ సత్యనారాయణగారు చదివి, ‘ఎక్కించబడినది’ కొట్టేసి ‘ఎక్కించాను’ అని దిద్దారు. తర్వాత వాక్యంలో మిగిలిన భాగం అక్కరలేదు కనుక అది కూడా కొట్టేశారు. సంతకం పెట్టారు. వేలిముద్రలు పడ్డాయి. సిరా ఎండేలోపే గూడెం మగవాళ్లు నీళ్లలోకి దిగి గుంజలు పీకి, పడవలో వేసుకుని, బండకు ఎగువన తల్లిమడుగు దగ్గర పాతుకొచ్చారు. మేస్త్రికి రెండు రోజులు పట్టిన పని అది. వీళ్లు జావ చల్లారేలోపు చేశారు.

“ఇక మీ మడుగు మీది. వేసుకోండి వలలు,” అన్నారు సత్యనారాయణగారు. ఆయన ముఖంలో సంతోషం చూస్తే, సముద్రం వదిలొచ్చాక ఆయన అంత హాయిగా ఉన్నది అప్పుడేనేమో అనిపించింది.

ఎవరూ కదల్లేదు. విసురువలలు భుజాల మీద ఉన్నాయి. ఎనిమిది నెలలుగా ఎదురుచూసిన నీళ్లు ముందే ఉన్నాయి. నాకు అర్థం కాక సారక్క వైపు చూశాను. ఆమె అన్న వైపు చూసింది.

“కాయితం మీద తెరిసినవ్ సార్,” అన్నాడు ఎర్రయ్య. “నీళ్లల్ల తెరవాలె. మూసిన చెయ్యే మొదటి వల ఏయాలె. గూడెంల గది కట్టుబాటు. అప్పటిదాంక మావోడొక్కడు దిగడు.”

సత్యనారాయణగారు సంతోషంగా ప్యాంటు మడతపెట్టడం మొదలుపెట్టారు. సముద్రపు మనిషి కదా, ఈ మాటకోసమే కాచుకున్నట్టు ఉన్నారు.

“నువ్వు గాదు సార్,” అన్నాడు ఎర్రయ్య. “గీత గీసిన సారు.”

అందరూ నా వైపు తిరిగారు. నాకు ఈత రాదని చెప్పాను. అంచున మోకాలు లోతే అన్నారు. వల వేయడం రాదని చెప్పాను. తెలుసన్నారు. ఇంకేం చెప్పాలో దొరకలేదు. ప్యాంటు మడిచి దిగాను. మాఘమాసపు నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో చెప్పడానికి అవసరమైన మాటలు ఈ పత్రికలో వేయరు.

ఎర్రయ్య నా ఎడమ భుజం మీద వల సర్దాడు. అంచుకు కట్టిన ఇనుప గుండ్లలో ఒకదాన్ని పళ్ల మధ్య పట్టుకోమన్నాడు, విసిరేటప్పుడు నోరు తెరవమన్నాడు. నేను విసిరాను. నోరు తెరవడం మరిచిపోయాను. విసురువల గాలిలో గొడుగులా విచ్చుకుని పడాలి. నాది ఆరేసిన దుప్పటి తాడు తెగి పడినట్టు పడింది. పన్ను ఊడలేదు, కానీ ఆలోచనలో పడింది. ఒడ్డు మీద ఆడవాళ్లు నవ్వి నవ్వి ఒకరి మీద ఒకరు వాలారు. ఎర్రయ్య భార్య అందరికంటే గట్టిగా నవ్వింది.

సారక్క ఒడ్డునుంచి కేకేసింది. “గుంజు తమ్మీ, గుంజు! ఏమన్న పడ్డదా?”

గుంజాను. ఒక మోదుగాకు, గుప్పెడు నాచు.

“ఏం పడలేదు బాపూ,” అన్నాను ఎర్రయ్యతో.

“నీకు పడాల్నని లేదు బిడ్డా. నీళ్లకు ఎరుకైతె సాలు.”

ఆయన నా చేతిలోంచి వల తీసుకుని భుజాన వేసుకున్నాడు. నేను ఒడ్డు వైపు తిరగబోతుండగా వెనక నీళ్లు ఒక్కసారిగా కదిలాయి. గూడెమంతా దిగింది. మొదటి వల నా తల మీదుగా విచ్చుకుని పోయి గుండ్రంగా పడింది. తర్వాత రెండోది, పక్కనే మూడోది, ఆ తర్వాత లెక్క పెట్టలేకపోయాను. గుండ్లు నీళ్లను తాకుతున్న చప్పుడు మడుగంతా నిండిపోయింది.

నేను అడ్డం తప్పుకున్నాను.